ఇంగ్లిష్ క్రియలు, 9వ పాఠం: లొల్లిలో ఇరికించే ‘ఎంబ్రాయిల్’

పోయిన పాఠంలో ‘ఇన్వాల్వ్’ చూశాం. అది పెళ్లి పనులకూ పనికొస్తుంది, దొంగతనానికీ పనికొస్తుంది. ‘ఎంబ్రాయిల్’ అట్లా కాదు. అది ఉన్నచోట ఏదో ఒక గొడవ ఉండాల్సిందే.

దేవరకొండ దగ్గర మా మేనమామ ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములకు గెట్టు పంచాయితీ వచ్చింది. గెట్టు మీది వేపచెట్టు ఎవరిదన్నదే అసలు తగాదా. సర్వేయర్ కొలతలు తీసిన రోజు మామ అటువైపు పోతూ ఆగి, అడిగితే సాక్షి సంతకం పెట్టాడు. ఆ తర్వాత మూడేళ్లు కోర్టు వాయిదాలకు తిరిగాడు. “నాకు ఆడ గుంట భూమి లేదు, ఈ లొల్లిల నేనెట్ల ఇరుక్కుంటినిరా అల్లుడా” అనేవాడు. ఆ ‘ఇరుక్కుంటిని’ అన్నదే మన పాఠం.

మై అంకుల్ గాట్ ఎంబ్రాయిల్డ్ ఇన్ ఎ లాండ్ డిస్ప్యూట్.

చూడండి, మామ ఏమీ చేయలేదు, ఆయనకే జరిగింది. అందుకే ఈ క్రియ ఎక్కువగా ‘గాట్ ఎంబ్రాయిల్డ్’, ‘వాజ్ ఎంబ్రాయిల్డ్’, ‘బికేమ్ ఎంబ్రాయిల్డ్’ అనే రూపాల్లోనే కనిపిస్తుంది. గొడవ పేరు ముందు ‘ఇన్’ వస్తుంది. ఎవరితో గొడవో చెప్పాలంటే ‘విత్’. ఇంకొకరిని లాగడం గురించైతే మామూలు క్రియలాగే వాడొచ్చు: డోంట్ ఎంబ్రాయిల్ మీ ఇన్ యువర్ క్వారెల్, అంటే మీ కొట్లాటలోకి నన్ను లాగకండి. పలికేటప్పుడు మొదటి అక్షరం ‘ఇం’కు దగ్గరగా ఉంటుంది, ఒత్తు ‘బ్రాయిల్’ మీద పడాలి.

ఆబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు అనే సామెత మా మామకు సరిగ్గా సరిపోతుంది. కానీ దాన్ని పట్టుకుని, ఎంబ్రాయిల్డ్ అయినవాళ్లంతా అమాయకులే అనుకోకండి. ఆబోతులు కూడా ఎంబ్రాయిల్డే. 2023 నవంబర్ 30న, మన తెలంగాణలో అసెంబ్లీ పోలింగ్ రోజు, నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి ఆంధ్రప్రదేశ్ పోలీసులు వచ్చి 26 గేట్లలో 13 గేట్ల దాకా తమ అధీనంలోకి తీసుకున్నారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఈ సంగతి రాయాలంటే:

ది టూ స్టేట్స్ హావ్ లాంగ్ బీన్ ఎంబ్రాయిల్డ్ ఇన్ ఎ డిస్ప్యూట్ ఓవర్ ది కృష్ణా వాటర్స్.

ఇక్కడ రెండు రాష్ట్రాలూ గొడవలో అసలు పక్షాలే. అయినా మాట సరిపోయింది. ఎందుకంటే దిగినవాడు తప్పు చేశాడా లేదా అన్నది ఈ మాటకు పట్టదు, బయటికి రావడం కష్టమన్నదే పడుతుంది. దీని మూలం ఫ్రెంచ్‌లో కలగాపులగం చేయడం, చిక్కుపెట్టడం అనే అర్థమున్న క్రియ. ఇంగ్లిష్‌లోకి 17వ శతాబ్దంలో వచ్చింది. నిప్పు సెగ మీద కాల్చే ‘బ్రాయిల్’తో దీనికి చుట్టరికం లేదు. ట్యూషన్‌లో ఒక పిల్ల ‘ఎంబ్రాయిల్డ్ చికెన్’ అని రాసింది. నవ్వాను గానీ, ఆ పొరపాటు ఎక్కడినుంచి వచ్చిందో అర్థమైంది.

అన్ని ఇరుక్కోవడాలూ ఎంబ్రాయిల్ కావు. వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్ల లైన్‌లో ఇరుక్కుంటే అది ‘స్టక్’. ఆ లైన్‌లో ఎవరు ముందు పోవాలని కొట్లాట మొదలై, అందులో మీరూ పడితే అప్పుడు ‘ఎంబ్రాయిల్డ్’. బతుకమ్మ పనుల్లో మునిగిపోయాం అనడానికీ ఇది వాడొద్దు, అక్కడ నిజంగానే గొడవ అయితే తప్ప. దారం చిక్కుపడితే ‘టాంగిల్డ్’, వలలో చేప చిక్కితే ‘ఎంటాంగిల్డ్’.

‘ఇంప్లికేట్’ అనేది వేరే కథ. నేరంలో నీకూ చెయ్యి ఉందని చూపించడం అది. వచ్చే పాఠం దాని మీదే.

ఈలోగా ఈ మూడు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాసి చూడండి. ఒకదానికి ఎంబ్రాయిల్ పనికిరాదు, ఏదో మీరే పట్టుకోండి.

రాజోలిబండ నీళ్ల పంచాయితీలో మూడు రాష్ట్రాలు ఇరుక్కున్నాయి.
వానకు మా బండి రేగడి మట్టిలో ఇరుక్కుంది.
మీ అన్నదమ్ముల లొల్లిలోకి మా అమ్మను లాగకండి.