ఉక్రెయిన్ చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్ చరిత్రను కూర్చడం ఎలా

కింది డివిజన్లలో ఆడిన చిన్న ఊరి క్లబ్బు చరిత్ర రాయడానికి కూర్చుంటే చాలామంది పేరు పట్టుకుని వెనక్కి వెళ్తారు. దారి తప్పేది అక్కడే. ఉక్రెయిన్‌లో క్లబ్బు పేరు చొక్కా లాంటిది, పోషకుడు మారితే అదీ మారుతుంది. ఒక్కో యేడు ఆటగాళ్లకు జీతాలిచ్చింది ఎవరు, జట్టు ఏ పోటీ పట్టికలో ఆడింది అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టండి.

పోషకుడి ఆనవాలు తరచుగా పేరులోనే ఉంటుంది. నఫ్తోవిక్ అంటే చమురు కార్మికుడు, హిర్నిక్ అంటే గని కార్మికుడు. మాలిన్ పట్టణంలోని పపీర్నిక్ కాగితం మిల్లుది, తిస్మెనిత్సియాలోని ఖుత్రోవిక్ తోలుబొచ్చు ఫ్యాక్టరీది. కొలోస్ అని ఉంటే గ్రామీణ క్రీడా సంఘం అనుకోవచ్చు. అవన్‌హార్ద్, స్పార్తక్ లాంటివి మాత్రం క్రీడా సంఘాల పేర్లు. అవి ప్రతి ఊళ్లోనూ ఉండేవి కాబట్టి వాటిని బట్టి ఏమీ తేల్చుకోకూడదు.

ముందు ఒక షీటు చేసుకోండి. సీజనుకు ఒక వరస. నిలువు గళ్లలో సీజను, అప్పటి క్లబ్బు పేరు, అప్పటి ఊరి పేరు, పోటీ పేరు, గ్రూపు, స్థానం, ఆడినవి, గెలుపు, డ్రా, ఓటమి, గోల్స్, పాయింట్లు, పోషకుడు, సమాచారం దొరికిన చోటు. ఊరి పేరుకు వేరే గడి ఎందుకంటే 2016లో కొమ్‌సొమోల్‌స్క్ హొరిష్ని ప్లావ్ని అయింది, అర్తెమివ్‌స్క్ బఖ్ముత్ అయింది, కిరోవోహ్రద్ క్రొపివ్నిత్‌స్కీ అయింది. పాత పేరుతో వెతక్కపోతే హొరిష్ని ప్లావ్ని క్లబ్బు హిర్నిక్-స్పోర్త్ తొలి రోజులు దొరకవు.

సోవియట్ కాలపు పత్రికలు రష్యన్‌లో క్లబ్బుల పేర్లు అనువదించి వేసేవి. అందుకే ప్రతి పేరునూ రెండు రకాలుగా వెతకాలి: నఫ్తోవిక్‌ను నెఫ్త్యానిక్ అని, హిర్నిక్‌ను గొర్న్యాక్ అని, సుద్నొబుదివ్నిక్ (ఓడలు కట్టేవాడు)ను సుదొస్త్రొయితెల్ అని. తెలుగులో రాసేటప్పుడు ఉక్రెయినీ ఉచ్చారణలో ‘హ’ వచ్చే చోట రష్యన్ అలవాటు కొద్దీ ‘గ’ పెట్టకండి. ఒకే క్లబ్బు రెండుగా కనిపిస్తుంది.

తర్వాత క్యాలెండరు. 1991 దాకా సీజను వసంతంలో మొదలై శరదృతువులో ముగిసేది, ఒకే సంవత్సరం అంకె చాలు. 1992లో వసంతంలో పొట్టి సీజను నడిచింది. ఆ వేసవి తర్వాత శరదృతువు నుంచి వసంతం దాకా 1992–93 మొదలైంది. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడం అన్నిటికంటే తరచుగా కనిపించే తప్పు. 1992–93 నుంచి 1994–95 దాకా రెండో లీగుకు (పై నుంచి మూడో మెట్టు) కింద ఇంకో ప్రొఫెషనల్ మెట్టు ఉండేది, మొదట పరివర్తన లీగు, చివరికి మూడో లీగు పేరుతో. ‘మూడో లీగు’ అని కనబడగానే ఔత్సాహికుల పోటీ అనుకోకండి.

మెట్లు మారిన తీరు అర్థం కావడానికి సుమీ ప్రాంతంలోని ఓఖ్తిర్కా పట్టణం మంచి ఉదాహరణ. అక్కడి నఫ్తోవిక్ 1991లో సోవియట్ నాలుగో మెట్టులో ఉక్రెయిన్ జోన్ గెలిచింది. మరుసటి వసంతానికే స్వతంత్ర దేశపు 20 జట్ల పై లీగులో ఆడింది. మధ్యలో రెండు మెట్లు ఎక్కనే లేదు, నిచ్చెనే మారిపోయింది. దాన్ని ‘ప్రమోషన్’ అని రాస్తే చదివేవాడు తప్పుదారి పడతాడు. క్లబ్బు 2007–08లో మళ్లీ పై లీగుకు వచ్చి ఒక్క సీజనుకే దిగిపోయింది. దాన్నీ ‘ప్రీమియర్ లీగు’ అనకూడదు, ఆ పేరు 2008లో వచ్చింది. అంతకు ముందుది విష్చా లీహా, అంటే పై లీగు.

దిగిపోవడం కూడా అలాంటిదే. 1970 ముగిశాక సోవియట్ లీగుల అడుగు మెట్టయిన క్లాస్ బి ఎత్తేయడంతో ఎన్నో చిన్న ఊళ్ల జట్లు ‘మాస్టర్ల జట్టు’ (జీతాల మీద ఆడే జట్టు) హోదా పోగొట్టుకుని క్రీడా సమష్టి పోటీలకు, అంటే ఔత్సాహికుల పోటీలకు వెళ్లాయి. మైదానంలో ఓడి దిగినవి కావు అవి. గడిలో ‘పునర్వ్యవస్థీకరణ’ అని రాయండి.

ఇక లెక్క సరిచూడటం. గెలుపుకు 1993–94 దాకా 2 పాయింట్లు, 1994–95 నుంచి 3. అంటే 34 మ్యాచుల్లో 23 గెలుపులు, 10 డ్రాలు, 1 ఓటమి ఉంటే పాత లెక్కన 56, కొత్త లెక్కన 79. తేడా వస్తే పాయింట్లు కోసి ఉండొచ్చు, లేదా అచ్చుతప్పు. ఆ తర్వాత గ్రూపు మొత్తాన్ని కూడండి. కొట్టిన గోల్స్, తిన్న గోల్స్ సమానం కావాలి. గెలుపులు, ఓటములు సమానం కాకపోతే రెండు జట్లకూ సాంకేతిక ఓటమి (ఆటతో కాక నిర్వాహకుల నిర్ణయంతో వేసే ఓటమి) వేసిన మ్యాచు ఉందేమో చూడండి. డబ్బుల్లేక సీజను మధ్యలో తప్పుకునే జట్లు ఈ డివిజన్లలో మామూలే. అప్పుడు మిగిలిన మ్యాచులను పట్టికలో మైనస్–ప్లస్ గుర్తుతో (తప్పుకున్న జట్టుకు మైనస్, ఎదుటి జట్టుకు ప్లస్) వేస్తారు, గోల్స్ లెక్కలోకి రావు. మరీ ముందుగా తప్పుకుంటే ఆడినవన్నీ రద్దవుతాయి. రద్దయిన మ్యాచులను పారేయకండి, వేరే షీటులో ఉంచండి. స్థానిక పత్రిక వార్తకూ పట్టికకూ పొంతన కుదరకపోతే కారణం అక్కడే దొరుకుతుంది.

పట్టికలో లేనివి జిల్లా పత్రికలో ఉంటాయి: స్టేడియం, కోచ్, ఫ్యాక్టరీ డైరెక్టరు ఫొటో. పత్రిక తేదీని మ్యాచు తేదీగా రాసుకోకండి, వార్త రోజుల తరబడి ఆలస్యంగా వచ్చేది. పాత సంచికలు కీవ్‌లోని వెర్నాద్‌స్కీ జాతీయ గ్రంథాలయంలో వెతకాలి. క్రీడా కమిటీ కాగితాలకు ఆ ఒబ్లాస్త్ (ప్రాంతం) ప్రభుత్వ ఆర్కైవును అడగాలి. అడిగేటప్పుడు ఫోంద్, ఒపిస్, స్ప్రావా అనే మూడు నంబర్లూ ఇవ్వాలి. ఫోంద్ అంటే ఒక సంస్థ కాగితాల సముదాయం, ఒపిస్ అంటే దాని జాబితా, స్ప్రావా అంటే ఫైలు. ఒకటి తప్పినా ఫైలు రాదు. ఖేర్సోన్ ప్రాంతపు క్లబ్బయితే ఆశ తగ్గించుకోండి, అక్కడి ఆర్కైవును 2022లో రష్యన్ సైన్యం దోచుకుపోయింది.

బ్యాడ్జి మీది స్థాపన సంవత్సరాన్ని చివర్లో చూడండి. అది జట్టు పుట్టినదా, చట్టపరంగా నమోదైనదా, పాత క్లబ్బు వారసత్వం చెప్పుకోవడానికి అరువు తెచ్చుకున్నదా అన్నది షీటు నిండితేగానీ తేలదు. 2018లో రివ్నె నగరపు వెరెస్ తన ప్రీమియర్ లీగు చోటును ఎఫ్‌సీ ల్వీవ్‌కు ఇచ్చింది. చోటు వెళ్లింది, చరిత్ర వెళ్లలేదు. అలాంటి చోట వరసను తెంచి, కింద కొత్త వరస మొదలుపెట్టండి. 2021–22 వరసలో మాత్రం తుది స్థానం గడి ఖాళీగా వదిలేయండి: ఫిబ్రవరిలో యుద్ధంతో ఆగిన ఆ సీజను పూర్తవలేదు.