బ్రహ్మోత్సవాల ముందు ఫైబర్ జాయింట్లు: క్లీవర్ (ఫైబర్ కోసే పరికరం) మూత తెరిచేముందు

బ్రహ్మోత్సవాలు దగ్గరపడితే తిరుపతిలో ఆప్టికల్ ఫైబర్ కేబుళ్ల జాయింట్ పనులు ఒక్కసారిగా మీద పడతాయి. ఇవి చూసుకోండి.

– ముందు స్లీవ్ (జాయింటును కాపాడే చిన్న గొట్టం) ఎక్కించండి. స్ప్లైస్ (రెండు కొసలను కరిగించి అతికించడం) అయ్యాక గుర్తొస్తే తెంచి మళ్లీ చేయాల్సిందే. క్లోజర్‌లో (జాయింట్లు ఉంచే పెట్టెలో) మిగులు ఫైబర్ అలా తగ్గిపోతూ వస్తుంది.

– ఫైబర్ తుడవడం కోతకు ముందే, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో. కోశాక కొసను ముట్టుకుంటే ధూళి అంటుతుంది, అంచు పెచ్చులూడుతుంది.

– స్ప్లైసర్ (అతికించే యంత్రం) తెరపై కోత కోణం 1 డిగ్రీ దాటుతోందా? వెంటనే క్లీవర్ బ్లేడు తిప్పకండి. రోడ్డు పక్క దుమ్ము క్లీవర్ రబ్బరు ప్యాడ్ల మీద పేరుకుంటే ఫైబర్ వంకరగా కూర్చుంటుంది. దూదిపుల్లతో తుడిచి మళ్లీ కోయండి. అప్పటికీ అంచున కొమ్ములా పొడుచుకొస్తేనే బ్లేడును తర్వాతి అంకెకు తిప్పండి. చాలా బ్లేడ్లకు 16 స్థానాలుంటాయి, తొందరపడి వృథా చేసుకోవద్దు.

– కోసిన ఫైబర్ ముక్కలు మూతున్న డబ్బాలోకే. 125 మైక్రాన్ల గాజు చర్మంలో దిగితే వెతికి తీయడం చాలా కష్టం.