సంక్రాంతి వెళ్లాక వచ్చే కవరు: సంఘం ట్రెజరర్లకు నాలుగు మాటలు

భీమవరం పక్క ఊళ్లో మా క్రైస్తవ సంఘానికి పదకొండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మామూలు ఆదివారాల్లో కానుకల సంచి తిరగేస్తే పదులు, ఇరవైలు, నాలుగు మడతల వందలు రాలతాయి. సంక్రాంతి వెళ్లిన మొదటి ఆదివారం మాత్రం ఐదొందల నోట్లు ఎక్కువ. ఒక్కోసారి రబ్బరు బ్యాండు కూడా తీయకుండా వేసేస్తారు. ఎక్కడివని అడగక్కర్లేదు. మూడు రోజులు బరి దగ్గర కోడిపందేలు, పక్క టెంటులో గుండాట, కోతముక్క లాంటి జూదాలు. ఎవరు ఎంత తెచ్చుకున్నారో, ఎవరు ఎంత పోగొట్టుకున్నారో ఊరందరికీ తెలుసు.

ఆ డబ్బు తీసుకోవాలా వద్దా అని చుట్టుపక్కల సంఘాలవాళ్లు అడుగుతుంటారు. మేం చేసేది చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

తీర్మానం డిసెంబరులోనే రాసుకోండి. కవరు బల్ల మీదికి వచ్చాక కమిటీ కూర్చుంటే మాట్లాడేది డబ్బు గురించి కాదు, తెచ్చినవాడి గురించి. వాడి తాత గురించి కూడా. మా మినిట్స్ పుస్తకంలో ఉన్నది నాలుగే వాక్యాలు. సంచిలో పడ్డ పేరులేని కానుక గురించి ఆరా తీయం. పదివేలు దాటి పేరుతో ఇస్తే, ఎక్కడిదని ఇచ్చినవారినే అడుగుతాం. పందెం, పేకాట, ఆన్‌లైన్ ఆటల్లో గెలిచిందని చెబితే పుచ్చుకోం. పుచ్చుకోని సంగతి పెద్దలు దాటి బయటికి పోదు.

మూడో వాక్యం, నాలుగో వాక్యం మాకు ఊరికే రాలేదు.

నేను లెక్కలు చేపట్టిన మొదటి ఏడాది మందిరం స్లాబు పని నడుస్తోంది. ఒక కుర్రాడు యాభై వేలు తెచ్చిచ్చాడు. సంతోషంగా రసీదు రాశాను. పాస్టరుగారు పేరు చదివారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆరాధన అయ్యాక మూడో వరసలో కూర్చునే ఒకావిడ నా దగ్గరికొచ్చి పది రూపాయల నోటు చేతిలో పెట్టింది. చెవులకి దిద్దులు లేవు. "ఈ వారం ఇంతేనండి మాస్టారూ. మిగతాది ఆ అబ్బాయి చేతిమీదుగా స్లాబుకి ఇచ్చేశాం కదండీ" అంది. వాళ్లాయన ఓడింది ఆ కుర్రాడి కోడి మీదే.

డబ్బుకి మచ్చ అంటుతుందా లేదా అన్న వాదన నాకు ఆ రోజుతో తీరిపోయింది. మా ఊళ్లో గెలిచినవాడూ, ఓడినవాడి భార్యా ఒకే చాప మీద కూర్చుంటారు. ఒకరి చేతినుంచి తీసుకున్నామంటే రెండోవారి మెడలోంచి తీసుకున్నట్టే.

అప్పటికే ఆ డబ్బుతో సిమెంటు కొనేశాం. పెద్దలం తలా కొంత వేసుకుని మూడు నెలలకి సర్దాం. వెనక్కి ఇవ్వడం దగ్గర తప్పు చేశాం. పాస్టరుగారితో కలిపి ఐదుగురం, సాయంత్రం పూట, వీధంతా అరుగుల మీద ఉండగా వెళ్లాం. ఆ కుర్రాడు రెండేళ్లు మందిరం గడప తొక్కలేదు.

అందుకని వెనక్కి ఇచ్చేటప్పుడు ఇద్దరే వెళ్లండి. అందులో ఒకరు వాడు బాబాయ్ అనో మావయ్య అనో పిలిచే మనిషి అయితే మంచిది. పాపపు సొమ్ము అన్న మాట నోట రానీయకండి. "నీ కష్టం ఏదైనా పుచ్చుకుంటాం రా, సెంట్రింగ్‌కి మనుషులు చాలట్లేదు, ఆదివారం మధ్యాహ్నం రా" అనండి. మరి ఈ డబ్బేం చెయ్యమంటారు అంటే, ఎవరిదో నీకు తెలుసు కదా అని ఊరుకోండి. వాళ్లిచ్చిన టీ తాగి రండి, డబ్బు చేతిలో పెట్టగానే వచ్చేయకండి.

కమిటీలో ఎదురు వాదనలు వస్తాయి. రమ్మీ నైపుణ్యం ఆట, 1968లో మన రాష్ట్రం కేసులోనే సుప్రీంకోర్టు చెప్పిందంటారు. నిజమే. కోడిపందేలకు 1974 నాటి గేమింగ్ చట్టం, 1960 నాటి జంతుహింస చట్టం రెండూ అడ్డే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రం నిషేధించింది. కానీ దిద్దులు తాకట్టుకి వెళ్లడానికి ఏ ఆటైనా ఒకటే. కేథలిక్కులు బింగో ఆడించి చర్చి కట్టుకుంటారుగా అంటారు. వాళ్ల ధర్మోపదేశం కూడా అదృష్టం ఆటలు వాటంతట అవి తప్పు కాదంటూనే, ఒకరి బతుకు అవసరాలకు ఉన్నది లాగేస్తే తప్పే అంటుంది.

మా పెద్దాయన ఒకరు, యేసుని పట్టించినందుకు యూదాకి ముట్టిన ముప్పై వెండి నాణేల మాట ఎత్తారు. యూదా వాటిని తిరిగి పారేస్తే ప్రధాన యాజకులు కానుకపెట్టెలో వేయకుండా, పరదేశుల సమాధులకని కుమ్మరివాని పొలం కొన్నారు కాబట్టి, మనమూ సమాధుల తోటకి ప్రహరీ కట్టుకుందామని. అసలు ఆ నాణేలు యూదాకి ఇచ్చినవాళ్లూ ఆ యాజకులే కదండీ అన్నాను. ప్రహరీ మాట మళ్లీ రాలేదు.

మంచి డబ్బైనా సరే, ఒకరి దగ్గర ఒకే రోజు రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు, ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. చెక్కు అడగండి. ఇక కోస, అంటే పందెంలో ఓడిన కోడి, పాస్టరుగారింటికి పంపొచ్చా అని అడుగుతారు. మా పాస్టరుగారు తినరు. మిగతా పెద్దల సంగతి నేను మాట్లాడను.

ఇంతా చేసి మన ఇంట్లో లక్కీ డ్రా పెట్టుకుంటే నవ్వులపాలే. ప్రహరీకి, మైకు సెట్టుకి కూపన్లు అమ్మే సంఘాలు చాలా ఉన్నాయి. అనుమతి లేకుండా లాటరీ నడపడం నేరమన్నది అలా ఉంచండి, వంద పెట్టి కూపన్ కొన్నవాడి మనసు మిక్సీ మీద ఉంటుంది, మందిరం మీద కాదు. కోత పండుగ వేలం వేరు. నలభై రూపాయల గుమ్మడికాయని రెండు వేలకు పాడినవాడు ఇస్తున్నానని తెలిసే ఇస్తాడు.

మేమూ ఒక ఏడాది కూపన్లు అచ్చేయించి, చివర్లో ఆపేశాం. ఐదు వందల కూపన్లూ బీరువాలోనే ఉండేవి. వెనకవైపు ఖాళీ కాబట్టి సండే స్కూలు పిల్లలు కంఠత వాక్యాలు రాసుకుంటున్నారు.