పులికాట్, నేలపట్టు: పక్షులను లేపకుండా చూసి రావడం ఎలా

2022లో జిల్లాలు విడగొట్టాక పులికాట్ సరస్సు పక్కనున్న సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకి పోయింది గానీ, నెల్లూరోళ్లకి పక్షులంటే ఇప్పటికీ పులికాట్ సరస్సూ, నేలపట్టు పక్షుల చెరువే.

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. బయల్దేరే ముందు సరస్సులో నీళ్లెంత ఉన్నాయో కనుక్కోండి. ఫ్లెమింగోలు లోతులేని నీళ్లలో తలకిందులుగా ముక్కు పెట్టి వడగట్టుకు తింటాయి. నీళ్లు మరీ పెరిగినా, ఎండినా రోడ్డు దగ్గర కనబడవు.

నెల్లూరులో తెల్లవారుజామున నాలుగున్నరకి కారెక్కితే పొద్దు పొడిచేసరికి సరస్సు మీదుండొచ్చు. సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా శ్రీహరికోట రోడ్డు తూర్పుకి పోతుంది, చలికాలం ఎండ దక్షిణం నుంచి పడుతుంది. అందుకే పోయేటప్పుడు ఎడమచేతి వైపు చూడండి. కుడివైపు ఎదురెండకి రంగులు తెలియవు. రాకెట్ ప్రయోగం రోజు మాత్రం వద్దు, ఆ రోడ్డంతా జనమే.

కారు దిగకుండా, హారన్ కొట్టకుండా 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే) బైనాక్యులర్‌తో చూడండి. దిగాల్సొస్తే కనీసం వంద మీటర్లు ఎడం. మేస్తున్న గుంపు మెడలెత్తి ఒకేవైపు నడవడం మొదలుపెట్టిందంటే మీరు దగ్గరికొచ్చేశారని అర్థం. అక్కడే ఆగి వెనక్కి రండి. ఫొటో కోసం ఎగరగొట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. సూదితోక బాతులు, పట్టెతల బాతులు ఇక్కడ మేసి ఒంటికి పట్టించుకున్న కొవ్వుతోనే ఉత్తరానికి తిరుగు ప్రయాణం కట్టాలి. పట్టెతల బాతులైతే హిమాలయాలు దాటి టిబెట్, మంగోలియా దాకా పోతాయి. వీటి దారి, మధ్య ఆసియా వలస మార్గం, 30 దేశాలది. ఒక్కచోట మేత చెడినా ఆ లోటు దారంతా వెంటాడుతుంది.

ఫ్లెమింగోలు సైబీరియా నుంచి వస్తాయని గైడ్లు చెబితే నమ్మకండి. మన దేశంలో వాటి గుడ్లూ పిల్లలూ ఎక్కువగా గుజరాత్‌లోని కచ్ రణ్‌లోనే.

నేలపట్టుకి దొరవారిసత్రం దగ్గర పక్కకి తిరగాలి. అక్కడ గూడబాతులు (పెలికాన్లు) చెరువులోని నీటి కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. చప్పట్లు, కేకలు, డ్రోన్ వద్దు. తల్లి లేచిన కాసేపట్లోనే కాకులు గుడ్లెత్తుకుపోతాయి, బొచ్చురాని పిల్లలు ఎండకి మాడతాయి.

కాలికి రింగున్న పక్షి కనిపిస్తే ఏ కాలు, ఏ రంగు, ఏ అక్షరాలు, ఎక్కడ, ఏ తేదీ అన్నీ రాసుకుని, పక్షులకి రింగులేసి వలసలు గమనించే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. ఫొటో మసగ్గా వచ్చినా పంపండి, అక్షరాలు చదవగలిగితే చాలు.