శేషాచలం పచ్చదనాన్ని ఇంట్లోంచే చూడటం

మా తిరుపతి మేడ మీద నుంచి శేషాచలం కొండలు గోడలా కనిపిస్తాయి. ఆ గోడ వెనక ఏం జరుగుతోందో తెలియాలంటే కోపర్నికస్ బ్రౌజర్ అనే ఐరోపా ఉపగ్రహ చిత్రాల వెబ్‌సైట్ తెరవండి. డబ్బేమీ కట్టక్కర్లేదు. తలకోన చుట్టుపక్కలకు జరిపి, సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన బొమ్మలు ఎంచుకోండి. ఒక్కో చుక్క అంటే నేల మీద 10 మీటర్ల చదరం. ఒంటి చెట్టు కనబడదు, గుంపు కనబడుతుంది.

తర్వాత పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ నొక్కండి. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని మింగేసి, కంటికి కనబడని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె ఇది. దట్టమైన అడవికి 1 వైపు వెళ్తుంది, బండరాళ్లకు 0 దగ్గర ఉంటుంది.

తేదీల దగ్గరే జాగ్రత్త. మొదట్లో నేను డిసెంబరు బొమ్మ పక్కన మార్చి బొమ్మ పెట్టి, అడవంతా నరికేశారని టెన్షన్‌తో తమ్ముడికి ఫోన్ చేశాను. "ఎర్రచందనం ఆకు రాల్చదా అన్నా?" అని ఒకటే నవ్వు. మార్చిని మార్చితోనే పోల్చండి, నాలుగైదేళ్లు వరసగా. అక్టోబరు, నవంబరుల్లో మబ్బుల గోల ఎక్కువ. మబ్బు శాతం 20 లోపు పెట్టుకోండి.

అడవి మంటల్లో కాలిన మచ్చలకు స్విర్ (పొట్టి తరంగాల పరారుణ కాంతి) బొమ్మ చూడండి.

పచ్చగా ఉన్నదల్లా మేలని కాదు. అడవిని ఆక్రమించే కలుపు మొక్క లాంటానా పొదలు కమ్ముకున్నా అంకె పెరుగుతుంది. అందుకే అనుమానమున్న చోటు గుర్తు పెట్టుకుని, అనుమతి ఉన్న దారిలో వెళ్లి చూసి రండి. పోయినసారి పెరుగన్నం కట్టుకుని వెళ్లాను. బొమ్మలో నేను మురిసిపోయిన పచ్చటి ముక్క నిండా లాంటానానే.