ఖైదీల పేజీలు ఎత్తి రాసే పద్ధతి

సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. ఇప్పుడు ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవిలో, హోబార్ట్‌ ఊళ్ళో అమ్మాయి దగ్గర ఉంటూ, 1803-1853 మధ్య బ్రిటిష్ సర్కారు ఈ దీవికి ఓడల్లో తోలిన ఖైదీల రికార్డులు వాలంటీరుగా ఎత్తి రాస్తున్నాను. పేజీల స్కాన్లను టాస్మానియా ఆర్కైవ్స్ నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఎక్కడున్నా చూడొచ్చు.

ముందు ఓడ పేరు పట్టుకోండి. మేరీ స్మిత్‌లు కొల్లలు. తండ్రి పేరు లేని దస్తావేజు ఎంతో, ఓడ పేరు లేని ఖైదీ అంతే.

కథ కోసం తొందరపడకుండా గుమాస్తా దస్తూరికి కన్ను అలవాటు చేసుకోండి. 'డ్రంక్' లాంటి మాట పదేపదే వస్తుంది. అందులో 'డి' ఎలా తిప్పాడో చూస్తే మిగతాచోట్ల పట్టుబడుతుంది. రెండు ఎస్‌లు పక్కపక్కన ఉంటే మొదటిది ఎఫ్‌లా పొడుగ్గా కనిపిస్తుంది. టీఎల్ అంటే టికెట్ ఆఫ్ లీవ్, హద్దుల్లో ఉంటూ తన పని తాను చూసుకునే అనుమతి. సీపీ షరతులతో క్షమాభిక్ష. ఎఫ్‌సీ అంటే శిక్ష తీరినట్టు సర్టిఫికెట్. స్పెల్లింగు తప్పున్నా దిద్దొద్దు, తెలియని మాట దగ్గర ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి.

'స్టేటెడ్ దిస్ అఫెన్స్' అన్నచోట మాత్రం ఆగండి. వచ్చిన ఖైదీని అడిగి రాసుకున్న నేరం అది. కోర్టు కాగితంలో లేని సంగతులు ఇక్కడ దొరుకుతాయి. లండన్ కేసైతే అక్కడి కోర్టు పాత విచారణలు ఉన్న ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్ సైటులో ఆ విచారణతో పోల్చి చూడండి.

ఆ కింద శిక్షల చిట్టా. ఆడవాళ్ళ పేజీల్లో తరచూ కనిపించేవి ఇవే: ఎదురు మాట్లాడింది, చెప్పకుండా వెళ్ళింది, తాగింది. శిక్షేమో రొట్టె నీళ్ళ మీద ఒంటరి గది, లేదంటే ఆడఖైదీల జైలైన కాస్కేడ్స్ ఫిమేల్ ఫ్యాక్టరీలో బట్టల తొట్టి దగ్గర చాకిరీ. అది చూసి గయ్యాళి అనేయకండి. ఫిర్యాదు ఆమెను పనికి పెట్టిన ఇంటి యజమానిది, తీర్పు మేజిస్ట్రేటుది. ఆమె వాదన ఏ గడిలోనూ లేదు. నేనైతే రెండు ఫిర్యాదుల మధ్య ఖాళీనే ముందు గుర్తుపెడతాను. యజమాని మారాడా, పెళ్ళయిందా? ఊహించి రాయొద్దు. ఖైదీ పెళ్ళికి సర్కారు అనుమతి కావాలి కాబట్టి ఆ రిజిస్టరు తీయండి. 1838 నుంచి జనన మరణాల రిజిస్టర్లూ ఉన్నాయి. ఆర్కైవ్స్ వాళ్ళ పేర్ల సూచిక టాస్మేనియన్ నేమ్స్ ఇండెక్స్‌లో పేరు కొడితే ఇవన్నీ కదులుతాయి.

విడుదలయ్యాక జాడ లేకపోతే సముద్రం దాటి ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలోని విక్టోరియా వైపు చూడండి. 1851లో అక్కడ బంగారం బయటపడ్డాక చాలామంది అటు పోయారు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్ళ సైటు ట్రోవ్‌లో పాత పత్రికలు వెతికేటప్పుడు మొగుడి ఇంటిపేరుతోనూ ఒకసారి కొట్టండి.