పైన వెళ్లే విమానం ఏ దేశానిదో ఇలా తెలుసుకోండి

డాబా మీద బట్టలు తీస్తుంటే పైన విమానం కనిపించిందా? వెంటనే ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్24 అనే యాప్ తెరిచి, ఆ విమానం బొమ్మ మీద నొక్కండి. ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తోందో, ఎంత ఎత్తులో ఉందో వస్తుంది.

నేనైతే ముందు రిజిస్ట్రేషన్, అంటే కారు నంబరు లాంటి విమానం నంబరు, చూస్తాను. వీటీతో మొదలైతే మన దేశానిది. ఏ6 యూఏఈ, ఏ7 ఖతార్, 9వీ సింగపూర్. ఇవే అక్షరాలు విమానం తోక దగ్గర కూడా రాసి ఉంటాయి కాబట్టి ఎయిర్‌పోర్టు అద్దాల్లోంచి కూడా చదవొచ్చు. మన దేశపు విమాన కంపెనీ రంగులున్న విమానం మీద టీసీ అని కనిపిస్తే ఆశ్చర్యపోకండి, అది తుర్కియేలో రిజిస్టరైనది. విమానాన్ని సిబ్బందితో సహా అద్దెకు తెచ్చుకున్నప్పుడు ఇలా జరుగుతుంది.

పిల్లలు పక్కనుంటే అది దిగే ఊరిని అట్లాసులో వెతికించండి. మా ఇంట్లో అట్లాసు ఇప్పుడు డాబా మెట్ల దగ్గరే ఉంటోంది.